ముందు వాక్యం, వెనక వాక్యం

యోహాను మేష్టారు ప్రభువునందు నిద్రించారని ఫోనులో చెప్పిన మనిషిని నేను మళ్ళీ మళ్ళీ అడిగాను, నీకెవరు చెప్పారు, కళ్ళారా చూశావా అని. మరణవార్తను సైతం రుజువు లేనిదే స్వీకరించలేని ఈ స్వభావం ఆయన శిష్యరికంలో అబ్బిందే. సాలూరులో తెలుగు పంతులుగా పదవీ విరమణ చేసి, మా సంఘంలో ఆదివారపు బడిని ఓపిక ఉన్నంతవరకూ నడిపిన ఆ ధన్యజీవి విజయనగరం ఆసుపత్రిలో పోయారన్నది నిజమే.

ఆయన అందరినీ అనుమానించేవారు. వేదిక ఎక్కినవాణ్ణి మరీనూ. ప్రసంగంలో ఎవరైనా ఒక వాక్యం ఉటంకిస్తే చాలు, మేష్టారు లేచి బైబిలు తెరిచి, దాని ముందు వాక్యాన్నీ వెనక వాక్యాన్నీ పైకి చదివేవారు. ఆ రెండూ ఒప్పుకుంటేనే తలూపేవారు. ఫోనుల్లో పువ్వుల బొమ్మలతో వచ్చే వాక్యాలంటే ఆయనకు ఒళ్ళుమంట. "దీని సుట్టాలేరమ్మా? ఒంటరిగా తెచ్చీసేరు," అనేవారు.

మా ఊళ్ళో లారీలకు కొదవ లేదు. ఒక డ్రైవరు తన లారీ నుదుటి మీద వాక్యం రాయించుకుని, మురిసిపోతూ తెచ్చి చూపించాడు.

"సగమే ఉన్నాదేట్రా?"

"బండి సరిపోలేదు మేష్టారూ."

"అయితే మిగతాది ఎనకాల రాయించు. దేవుడిచ్చిన మాట ముందెట్టుకుని, ఆయన పెట్టిన షరతు మింగీసేవు."

రాయించేదాకా వాణ్ణి వదల్లేదు.

ఇంత అనుమానం మనిషికి బైబిలు మీద మాత్రం అనుమానం లేదా అని ఒకసారి అడిగేశాను.

"లేకేటి? బోలెడున్నాది. రోజూ అడుగుతాను. అది కోప్పడదమ్మా. బోధకుణ్ణి అడిగి సూడు, కోప్పడతాడు. తాతలకాడి నుంచీ ఎంతమంది అడిగినా ఓర్సుకున్నాది కాబట్టే ఇంకా మన సేతిలో ఉన్నాది."

ఆ మధ్య స్వస్థత కూటాలకు ఒక బోధకుడు వచ్చాడు. పెద్ద మైకు, మల్లెపువ్వులాంటి బట్టలు. నాకు మొదటి రోజే నచ్చలేదు. సుగరుకు సూదులు వేసుకునే మా అమ్మ తల మీద చెయ్యి పెట్టి, విశ్వాసముంటే సూదులు మానెయ్యమని, రుజువుగా ఒక వాక్యం చెప్పాడు. అమ్మ ఆనందంతో ఏడ్చేసింది. మేష్టారు లేచి ముందూ వెనకా చదివి, "అయ్యా, మందు మానీమని ఇందులో ఎక్కడున్నాదో సూపించండి, నేనూ మానీస్తాను," అన్నారు. బోధకుడు చప్పున పాట ఎత్తుకున్నాడు. అమ్మ సూదులు మానలేదు గానీ, బోధకుడి మాట ఆమె మనసులోంచి పోలేదని నా అనుమానం.

భూస్థాపనకు మాట్లాడడానికి ఆ బోధకుడే వచ్చాడు. ఎవరు పిలిచారంటే ఒకరు ఇంకొకర్ని చూపించారు. పెట్టె పక్కన నిలబడి, మేష్టారు చివరికి మందులన్నీ మానేసి కేవల విశ్వాసంతో తరలిపోయారని గద్గదస్వరంతో సాక్ష్యం చెప్పాడు. జనం ఆమేన్ అన్నారు. ముందు వరసలో మా అమ్మ కూడా అంది.

ముందురోజు సాయంత్రం దాకా ఆసుపత్రిలో ఆయన పక్కనే ఉన్నాను. చేతికి సెలైను ఎక్కుతుండగా, "మాత్రేసుకునేళ దాటిపోనాది, నర్సమ్మని పిలు," అని నన్ను కసిరారు.

లేచాను.

"మీకెవలు సెప్పేరయ్యగారూ? నిన్న నా ఎదరే మాత్రేసుకున్నారు."

బోధకుడు గుడ్లురిమి చూశాడు. ఎవరో నా కొంగు పట్టి లాగారు. ఆ గుంపులో నాతోపాటు లేచి నిలబడే మనిషి పెట్టెలో ఉన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ సూది వద్దంది.

"మేష్టారంతటోరే మానీసేరట."

"మానలేదమ్మా, నేను సూసేను."

"నాకు సూదెయ్యాలని అబద్ధమాడతన్నావు," అంది.

గురువర్యా, మీ పాదాలకు కన్నీటితో నమస్కరిస్తున్నాను. మీ స్థానం మా సంఘంలో ఎవరికీ దక్కదు. అమ్మ ఇంకా అన్నం ముట్టలేదు, సూదీ వేయించుకోలేదు. నా మాట నమ్మడం లేదు. మీరు చెబితే నమ్మేది.