వద్దనలేని వాళ్ల ఊళ్లో ఖులాన్

చట్టప్రకారం ఖులాన్ మా కార్యాలయంలో పనిచేయడం లేదు. చదువులో భాగంగా, ఏడాదికి మించకుండా శిక్షణకు వచ్చిన విద్యార్థికి కనీస వేతనం ఇవ్వనక్కరలేదని బ్రిటన్ చట్టం చెబుతుంది. విద్యార్థి పనిచేయదు, నేర్చుకుంటుంది అన్నది దాని తర్కం. ఆ నిబంధనను చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. ఇక తేలవలసిన ప్రశ్న ఒక్కటే: శిక్షణ సగం గడిచేసరికి ఆమె ఏం నేర్చుకుంది?

టీ పెట్టడం.

ఆమె మంగోలియా నుంచి లీడ్స్‌కు న్యాయశాస్త్రం చదవడానికి వచ్చింది. మొదటిరోజే మా కార్యదర్శి బ్రెండా ఆమె పేరుకు అర్థం అడిగింది.

“అడవి గాడిద,” అంది ఖులాన్. “గోబీ ఎడారిలో ఉంటుంది. ఇంతవరకూ ఎవరూ దానికి కళ్లెం వేయలేకపోయారు.”

“అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!” అంది బ్రెండా.

కార్యాలయానికి యజమాని మాల్కమ్ థాక్రే; నేను అతడి గుమాస్తాను. అద్దెదారుల పక్షాన ఏళ్ల తరబడి పోరాడిన న్యాయవాది. మంచివాడు; కాదంటే అది అబద్ధ సాక్ష్యం అవుతుంది. అయితే టీ విషయంలో మాత్రం అతడు నిరంకుశుడు. వంతులవారీగా టీ పెట్టుకోవడం ఈ దేశపు ఆచారం. మా దగ్గర ఆ వంతు కొత్తగా వచ్చినవారి దగ్గర ఆగిపోతుంది, ఇక కదలదు. పైగా టీ కావాలని ఎవరూ నోరు తెరిచి అడగరు, అది మొరటుతనం. మాల్కమ్ కిటికీలోంచి చూస్తూ, “వాన పట్టేసినట్టుందే,” అంటాడు. అది ఉత్తర్వు.

మొదట్లో ఖులాన్ కూడా కిటికీలోంచి చూసి, “అవునండీ, పట్టేసింది,” అని పుస్తకంలో తల దూర్చేది.

“చలి కూడా పెరిగింది,” అనేవాడు మాల్కమ్, ఆశ చావక.

“పెరిగిందండీ.”

చివరికి బ్రెండా ఆమెను వంటగదిలోకి లాక్కెళ్లి, వానకూ కెటిల్‌కూ ఉన్న సంబంధాన్ని విడమరిచి చెప్పింది. ఆనాటి నుంచి లీడ్స్‌లో వాన ఆగలేదు, ఖులాన్ చేతిలోంచి పళ్లెం దిగలేదు.

ఆమెకు కావలసింది మాత్రం ఒక కేసు. విద్యార్థి కనీసం ఒక కేసును మొదటినుంచి చివరిదాకా తానే నడిపిందని శిక్షకుడు ధ్రువీకరిస్తే తప్ప విశ్వవిద్యాలయం ఆ శిక్షణను లెక్కలోకి తీసుకోదు. అది లేకపోతే చదువు ఆగిపోతుంది, దాని వెనుకే వీసా.

“మాల్కమ్, నాకొక కేసు ఇస్తారా?” అని సూటిగానే అడిగింది.

“భలే ఆలోచన! మనసులో పెట్టుకుంటాను.”

ఆమె సంతోషించింది, ఎదురుచూసింది. వారాలు గడిచాక బ్రెండాను అడిగింది.

“అయ్యో బంగారం, అంటే ఇవ్వనని!”

“మరి ఇవ్వనని చెప్పొచ్చుగా?”

“ఛ, ఛ, మొహం మీద అలా ఎలా అంటాం?”

ఖులాన్ కాసేపు బ్రెండా వైపే చూసింది. “అంటే... ఇక్కడెవరూ దేన్నీ వద్దనలేరన్నమాట?”

“మర్యాదస్తులెవరూ అనరు తల్లీ.”

ఆ తర్వాతి సోమవారం వాన పట్టేసినట్టుందని మాల్కమ్ గమనించాడు. ఖులాన్ చటుక్కున లేచింది. టీ ఆకు, బోలెడు పాలు, చారెడు ఉప్పు, ఒక వెన్న ముద్ద కలిపి గిన్నెలో కాచి, గరిటెతో ఎత్తిపోసి, నురగతో సహా అందరికీ ఇచ్చింది. మాల్కమ్ ఒక గుక్క తాగాడు. అతని కనుబొమలు పైకి వెళ్లి అక్కడే ఉండిపోయాయి.

“ఊఁ... ఇది... చాలా ఆసక్తికరంగా ఉంది.”

“నచ్చిందాండీ?”

“చాలా... వెచ్చగా ఉంది.”

“అయితే ఇంకొంచెం పోస్తాను,” అని కప్పు నింపింది.

నేరం రుజువు కావాలంటే చర్య ఒక్కటే చాలదు, దురుద్దేశం కూడా ఉండాలి. ఉద్దేశం గురించి నేను విచారించాను. “మా ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ ఇదే ఇస్తుంది. ఇది అతిథి మర్యాద,” అంది. నిజమే, వాళ్ల దేశంలో టీ అంటే అదే. “మరి ఇన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు?” అన్నాను. “మీకు నచ్చకపోతే చెబుతారేమోనని భయపడ్డాను. చెప్పరని ఇప్పుడు తెలిసింది,” అంది, కళ్లు అమాయకంగా విప్పి. ఇంతటి పకడ్బందీ ప్రతివాదం నేను ఏ న్యాయస్థానంలోనూ వినలేదు.

బ్రెండా తన వాటాను కిటికీ దగ్గరి కుండీలో పోసింది. మొక్కకు మర్యాదలు తెలియవు. ఆకులన్నీ రాల్చి తన అభిప్రాయం స్పష్టంగా చెప్పింది. మేమేమో రోజూ “అద్భుతం” అంటూ తాగాం. ఒక్క మాటతో తప్పించుకోగలిగిన శిక్షను, ఆ మాట అనలేక ముగ్గురం అనుభవించాం.

చివరికి ఇంగ్లీషు జాతి తన దారి తాను వెతుక్కుంది. ఖులాన్ కుర్చీ కిర్రుమంటే చాలు, ఎవరో ఒకరు ఎగిరి లేచేవాళ్లం. “కూర్చో కూర్చో, నేను పెడతాగా!” కెటిల్‌ను ఏనాడూ ముట్టని మాల్కమ్ అందరికంటే ముందు పరుగెత్తేవాడు. వంటగదిలోంచి, “బ్రెండా! దీన్ని ఎక్కడ నొక్కాలి?” అని కేకలు వినిపించేవి. తీరిక దొరికిన ఖులాన్ మాల్కమ్ పెద్ద బల్ల దగ్గర కూర్చుని, పాత కేసుల కట్టలన్నీ చదవసాగింది.

వినిఫ్రెడ్ ఓగిల్ అనే ముసలావిడ ఆ సమయంలోనే తడి కోటుతో లోపలికొచ్చింది. పెద్ద బల్ల వెనుక ఖులాన్ కనిపించింది.

“లాయరమ్మవు నువ్వేనా తల్లీ?”

“కాదండీ, నేనింకా విద్యార్థినే,” అంది ఖులాన్. ఈ మాట అన్నదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

“ఆఁ, కాటికి పోయేదాకా అందరం నేర్చుకుంటూనే ఉంటాం,” అంటూ ఆవిడ కుర్చీ లాక్కుంది. “నా పడకగది గోడ నిండా నల్లటి బూజు. బాగుచేయమంటే ఇంటివాడేమన్నాడో తెలుసా? నేను ఊపిరి వదలడం వల్లే చెమ్మ చేరుతోందట!”

సరిగ్గా అప్పుడే మాల్కమ్ పళ్లెంతో వచ్చాడు.

“ఇలా పెట్టు నాయనా. నాది ఇంకాస్త చిక్కగా ఉండాలి. చక్కెర రెండు చెంచాలు.”

మాల్కమ్ నోరు తెరిచాడు. ‘న్యాయవాదిని నేను’ అంటే చాలు. కానీ అంటే, పరాయి స్త్రీని ఆమె ఎదుటే తప్పుపట్టినట్టవుతుంది. ఈ దేశంలో అంతకంటే ప్రాణం పోవడం సులభం.

“తప్పకుండానండీ,” అని వెనక్కి తిరిగాడు.

ఖులాన్ ఆవిడ చెప్పిందంతా వింది. ఎప్పుడు ఫిర్యాదు చేశారు, గోడ అవతల ఏముంది, పైకప్పు నీటిగొట్టం ఎక్కడ పగిలింది, ఒక్కొక్కటే అడిగింది. మాల్కమ్ బిస్కెట్లు అందించాడు. చివరికి నేను కల్పించుకుని, కార్యాలయం ఈయనదేనని ఆవిడకు చెప్పాను.

“అయితే ఇంకా మంచిది,” అంది వినిఫ్రెడ్. “టీ బాగా పెడతాడు, ఆ పని ఆయన్ను చూసుకోనీ. నా కేసు ఈ పిల్లే చూడాలి. మీకేం అభ్యంతరం లేదుగా నాయనా?”

అభ్యంతరం ఉందని అనడానికి మాల్కమ్‌కు ఇంకో జన్మ కావాలి. “భలే ఆలోచన,” అన్నాడు నీరసంగా. ఈసారి వినిఫ్రెడ్ దాన్ని ఉన్నదున్నట్టే తీసుకుంది.

దావా పత్రం ఖులాన్ రాసింది, మాల్కమ్ సరిచూశాడు. చిన్న దావాల్లో కక్షిదారు పక్కన ఉంటే, న్యాయవాది కానివారు కూడా ఆమె తరఫున మాట్లాడవచ్చు. ఖులాన్ మాట్లాడింది. ఇంటి యజమాని ప్రతినిధి నెవిల్, అద్దెదారు జీవనశైలి వల్లే గోడలు చెమ్మగిల్లాయని మృదువుగా మనవి చేశాడు.

“ఒక్క ప్రశ్న,” అంది ఖులాన్. “ఆవిడ రోజులో ఏయే వేళల్లో ఊపిరి తీసుకోకూడదు? అద్దె ఒప్పందంలో నాకది కనిపించలేదు.”

న్యాయమూర్తి దగ్గుతూ చేతిరుమాలు అడ్డుపెట్టుకుంది. గొట్టం, గోడ రెండూ యజమానే బాగుచేయించాలని, నష్టపరిహారం కూడా ఇవ్వాలని తీర్పు చెప్పింది.

మాల్కమ్ న్యాయస్థానం మెట్ల మీదే విశ్వవిద్యాలయానికి ఫోన్ చేశాడు. ఖులాన్ పక్కనే గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది. మీ దగ్గర ఆమె ఏం నేర్చుకుందని అవతలి గొంతు అడగడం నాకు కూడా వినిపించింది. అలవాటు ప్రకారం మాల్కమ్ ఆకాశం వైపు చూశాడు.

“నా దగ్గరా? ఏమీ నేర్చుకోలేదు,” అన్నాడు. “నేను నేర్పలేదు. కేసు మొదటినుంచి చివరిదాకా ఆమే నడిపింది. గెలిచింది కూడా. అలాగే రాసుకోండి.”

అతడి నోట అంత సూటి మాట విన్నది అదే మొదటిసారి. అవతలివారికి అలవాటు లేక కాబోలు, మళ్లీ చెప్పమన్నారు. మాల్కమ్ మళ్లీ చెప్పాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా.