రాహుకాలానికి ముందు ఊదిన విజిల్

చంద్రగిరిలో ఒక స్కూలుకు డ్రిల్లు మాస్టరుగా చేరిన కొత్తలో ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. అదీ అన్నివేళలా నిజం కాదని తర్వాత తెలిసింది. రెండో యుద్ధం ముగిసి ఏడాది కావస్తున్నా కొత్త బ్లాడర్లు దొరికేవి కావు. సైకిలు షాపులో అతుకులు వేయించిన బ్లాడరుకు గాలి కొడితే బంతి ఒక పక్క ఉబ్బి గుమ్మడికాయలా తయారయ్యేది. ఎటు తన్నినా తనకు తోచిన వైపే పోయేది. అయినా ఆట చెడితే బంతిని ఎవరూ తిట్టరు. రెఫరీని తిడతారు.

అలాంటి పనిని కోరి నెత్తిన ఎందుకు వేసుకున్నానంటే, మా హెడ్మాస్టరు ఒక షరతు పెట్టారు. నాది తాత్కాలికపు ఉద్యోగం. జిల్లా ఫుట్‌బాల్ కమిటీ ఇచ్చే రెఫరీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే జూన్ నుంచి పర్మనెంటు చేయిస్తానన్నారు. తేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటికే నాకు పెళ్ళయింది. మా మామగారు ఉత్తరం రాస్తే క్షేమసమాచారాలకంటే ముందు "ఉద్యోగము ఖాయమైనదా?" అని ఉండేది.

సర్టిఫికెట్ రావాలంటే అనుభవం ఉన్న రెఫరీ దగ్గర పని నేర్చుకోవాలి. తర్వాత మూడు మ్యాచులు నడపాలి. వాటిని ఒక పరిశీలకుడు పక్కన కూర్చుని చూసి నివేదిక రాస్తాడు. మొదటి రెండూ ఎలా ఉన్నా, మూడోదానిలో "యోగ్యుడు" అని రాస్తేనే కాగితం చేతికొస్తుంది. నేర్పేవాడు ఒకడు, చూసి రాసేవాడు ఇంకొకడు ఉండాలని రూల్సు పుస్తకంలో ఉందట. కానీ జిల్లా మొత్తానికి ఆ పుస్తకం ఒక్కటే ఉండేది. అది ఎవరి దగ్గర ఉందో ఆ రెండు పనులూ ఆయనే చేసేవారు.

ఆయన చిత్తూరులో రిటైరైన డ్రిల్లు మాస్టరు. అందరూ పెద్ద డ్రిల్లయ్యవారు అనేవాళ్ళు. మొదటి యుద్ధంలో బస్రా పోయి, అక్కడ తెల్ల సిపాయిల దగ్గర ఈ ఆట నేర్చుకున్నారు. రెండు పనులూ తన మీదే పడ్డాయి కాబట్టి వాటిని కలపకుండా ఉండటానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. గొడుగు ముడిచి ఉంటే గురువు. విప్పితే పరిశీలకుడు. గొడుగు విప్పి కుర్చీలో కూర్చున్నాక నేను నమస్కారం పెట్టినా తిరిగి పెట్టేవారు కాదు. ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసి నోటుబుక్కులో ఏదో రాసుకునేవారు. నాకైతే నమస్కారం పెట్టినందుకు మార్కులు తగ్గించారేమోనని గుబులుగా ఉండేది.

ప్రతి ఆదివారం పొద్దున్నే, పెట్రోలు కరువు కాబట్టి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కి చిత్తూరు పోయేవాణ్ణి. పూతలపట్టులో బస్సాపి కండక్టరు బొగ్గులు కెలుకుతుంటే, నేను దిగి రోడ్డు వారగా వెనక్కి పరుగెత్తడం సాధన చేసేవాణ్ణి. రెఫరీ అన్నవాడు ఆటకు వీపు చూపకుండా వెనక్కి పరుగెత్తగలగాలని ఆయన పెట్టిన నియమం. బస్సులోవాళ్ళు నాకు ఏదో మొక్కు ఉందనుకునేవాళ్ళు.

విజిల్ పాఠం ఆయన ఇంటి ముందర జరిగేది.

"పొద్దున్నించి ఎవురిమీదో కోపంగా ఉండేవాడు ఊదినట్టు ఊదాలప్పా. నువ్వు ఊదితే మన్నించమని అడిగినట్టుండాది" అనేవారు.

నేను బలంగా ఊదేవాణ్ణి. మూడు వారాలు గడిచాక పక్కింటావిడ వచ్చి ఈ మోతకు బెదిరి తమ ఎనుము పాలు చేపడం లేదని మొర పెట్టుకుంది. పెద్ద డ్రిల్లయ్యవారు నా వైపు తిరిగి, మొట్టమొదటిసారి కాస్త మెచ్చుకోలుగా చూశారు.

ఆయన చెప్పిన పాఠాల్లో ఒకటి మాత్రం ప్రతి వారం తప్పేది కాదు. "ఒక తూరి ఊదినాక, దేవుడు దిగొచ్చి అడిగినా మార్సగూడదు. తప్పుగా ఊదినావా, ఆ తప్పుతోనే నిలబడు. జనం తిట్టి ఇంటికి పోతారు. ఎనక్కి తీసుకున్నావంటే ఆ మైదానంలో ఇంక నీ మాట ఎవురూ ఇనరు." ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. నేను ఆయన్ను నిజంగా గౌరవించాను. ఆ సంగతి ఇప్పుడే చెప్పడం మంచిది, తర్వాత చెప్పబోయే దానికి నాకు అంత కోపం ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

మొదటి మ్యాచు కార్వేటినగరంలో జరిగింది. రెండు జట్లవాళ్ళూ వట్టి కాళ్ళతోనే ఆడారు. మైదానం మొత్తం మీద మేజోళ్ళు వేసుకున్నది నేనొక్కణ్ణే. రెండు గోల్సు, ఒక కొట్లాట, రెండు జట్లూ కలిసి నామీదికి రావడం, అన్నీ అయ్యాయి. నివేదికలో మాత్రం ఇలా ఉంది: "ఎడమకాలి మేజోడు ఇరువదియవ నిమిషమున జారినది. విరామము వరకు అట్లే యుండెను. గాంభీర్యము చాలదు." రెండో మ్యాచుకు మేజోళ్ళను పురికొసతో కట్టుకుని పోయాను. ఆ నివేదికలో "ఆటగానితో రెండుసార్లు నవ్వెను" అని ఉంది. నిజానికి నవ్వలేదు. పురికొస ఒరుసుకుని పళ్ళు బిగబట్టాను.

మూడోది తిరుపతిలో కప్పు ఫైనలు. ఒక బట్టల వ్యాపారి తన తండ్రి పేరిట ఆ కప్పు పెట్టారు. ఆయన ఫుట్‌బాల్ కమిటీలో పెద్ద మనిషి. ఒక జట్టు బజారు వీధి కుర్రవాళ్ళది, ఆయన పోషణలోనిదే. రెండోది రేణిగుంట నుంచి వచ్చే రైలు పనివాళ్ళది. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఆట అని నోటీసులు వేసి ఊరంతా అంటించారు.

ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు వరకు రాహుకాలం. కమిటీలో ఉన్న ఆరుగురిలో రాహుకాలం చూసుకోకుండా గడప దాటేవాడు ఒక్కడూ లేడు. కానీ అందరూ కలిసి కూర్చుని ముహూర్తం పెట్టినప్పుడు, ఇంకొకరు చూసే ఉంటారని ఎవరికి వారు అనుకున్నారు. సంగతి ఆదివారం మధ్యాహ్నం బయటపడింది. ఆట ముందుకు జరుపుదామంటే రైలు జట్టు దిగేదే నాలుగింటికి. వెనక్కి జరుపుదామంటే ఆరు తర్వాత బంతి కనపడదు. పోనీ నాలుగుంబావుకు మొదలెడదామంటే కప్పు పెట్టిన పెద్దమనిషి కారు రాలేదు. అదీ బొగ్గు గ్యాసు కారే. దారిలో ఎక్కడో కెలుకుతున్నారని కబురొచ్చింది. ఆయన వచ్చి ఆటగాళ్ళతో చేయి కలపకుండా ఆట మొదలు కావడానికి వీల్లేదు.

కమిటీ సెక్రటరీ తల గీరుకుని ఒక ఉపాయం చెప్పాడు. రాహుకాలం రాకముందే మాటవరసకు మొదలుపెట్టి ఆపేద్దాం. పని మొదలైపోయాక మధ్యలో రాహువు వచ్చినా దోషం లేదు. ఆయన వచ్చాక సావకాశంగా ఆడదాం. అందరూ మెచ్చుకున్నారు. పెద్ద డ్రిల్లయ్యవారు గొడుగు ముడుచుకుని నా దగ్గరికి వచ్చారు.

"శాస్త్రానికి ఒక తన్ను తన్నించు అబ్బా. ఊది మొదులుపెట్టు, మళ్ళా ఊది ఆపు."

"ఊదితే ఆట మొదలైనట్టే గదా సార్."

"ఎంత సేపప్పా. ఊదు" అని పోయి గొడుగు విప్పుకున్నారు.

నాలుగూ ఇరవై రెండుకు బంతి మధ్యలో పెట్టాను. రైలు జట్టు పదకొండుమందీ వచ్చి వాళ్ళ వైపు వరసగా నిలబడ్డారు. బజారు జట్టులో నలుగురే వచ్చారు. బ్యాకులిద్దరూ పురోహితుడి దగ్గర బొట్టు పెట్టించుకుంటున్నారు. గోల్‌కీపరు సోడాబండి దగ్గర ఉన్నాడు. రైలు జట్టు కెప్టెను ఒక ఫిట్టరు. పొడుగాటి మనిషి, అరచేతుల గీతల్లో ఆయిలు మరకలు ఇంకా పోలేదు. నన్ను వినయంగా అడిగాడు.

"ఇది నిజంగా మొదులేనా సార్?"

"మొదులే" అన్నాను. మరేమనాలి.

పొద్దున్నించి కోపంగా ఉన్నవాడిలా ఊదాను. అతను బంతిని పక్కవాడికి అందించాడు, పక్కవాడు మళ్ళీ అతనికి అందించాడు. నేను ఆపడానికి విజిల్ నోటి దగ్గరికి తెచ్చేలోపే అతను సగం మైదానం దాటిపోయాడు. అడ్డం రావడానికి అక్కడ ఎవరూ లేరు. గుమ్మడికాయలాంటి ఆ బంతి, జన్మలో మొదటిసారి, తన్నినవైపే పోయింది. నా చెయ్యి నన్నడక్కుండానే మైదానం మధ్యకు చూపించింది. అంటే గోలు ఇచ్చేశాను.

జనం విరగబడి నవ్వారు. రైలు జట్టు మాత్రం నవ్వకుండా తమ వైపు తిరిగొచ్చి నిలబడింది. అప్పటికి గానీ జనానికి విషయం బోధపడలేదు. సరిగ్గా అప్పుడే పొగ కక్కుకుంటూ కారు వచ్చింది.

డేరా వెనక పంచాయతీ మొదలైంది. ఆ గోలు చెల్లదని సెక్రటరీ అన్నాడు. చెల్లకపోతే ఆట మొదలు కానట్టేనని ఎవరో అన్నారు. మొదలు కాకపోతే ఇప్పుడు రాహుకాలంలో మొదలుపెట్టాలి, అది కాలం చేసిన పెద్దాయన పేరిట కప్పుకు అరిష్టం. మొదలైందంటే గోలు చెల్లాలి, అది బతికున్న కొడుకు జట్టుకు అరిష్టం. వ్యాపారి తన తండ్రి వైపు కొంతసేపు, జట్టు వైపు కొంతసేపు ఆలోచించారు. చివరికి పురోహితుణ్ణి పిలిచారు. బంతి కదిలింది కాబట్టి పంచాంగం ప్రకారం ఆట మొదలైందని ఆయన చెప్పాడు. రూల్సు సంగతి తనకు తెలియదన్నాడు. ఆ పూట అక్కడ తనకు తెలియని దాన్ని తెలియదన్నవాడు ఆయనొక్కడే.

అందరూ నావైపు తిరిగారు. పెద్ద డ్రిల్లయ్యవారు మళ్ళీ గొడుగు ముడిచి వచ్చి, నన్ను చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయారు.

"విజిల్ పలకతా ఉండాదా లేదా అని ఊది సూసుకున్నానని సెప్పు."

"ఒక తూరి ఊదినాక మార్సగూడదని మీరే గదా సార్..."

"అది పాఠం. ఇది తిరుపతి." ఆయన నా మొహం చూడకుండా మాట్లాడారు. "సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేవాళ్ళంతా ఆ డేరా ఎనక ఉండారు. నీకు ఉద్యోగం కావాలా వద్దా?"

కావాలి. వెళ్ళి, విజిల్ పనిచేస్తుందో లేదో చూసుకున్నానని చెప్పాను. ఇంత చక్కటి మాట తమకు తట్టలేదేమిటా అన్నట్టు అందరి మొహాలూ వెలిగిపోయాయి. పంచాంగం ప్రకారం ఆట నాలుగూ ఇరవై రెండుకు మొదలైంది, రూల్సు ప్రకారం ఇంకా మొదలు కాలేదు. తండ్రికీ జట్టుకూ ఇద్దరికీ మేలే జరిగింది. రైలు జట్టుకు ఆ సంగతి చెప్పమని నన్నే పంపారు.

ఫిట్టరు మొత్తం విన్నాడు. గొడవ చేస్తాడనుకున్నాను, చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. "సరే సార్. ఈ తూరి ఊదేముందు అది యా విజిలో సెప్పండి. అట్లనే నిలబడుకుంటాం" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నాకు నిలువునా సిగ్గేసింది.

తర్వాత ఆట బాగా జరిగింది. మేజోడు జారలేదు. ఎవరితోనూ నవ్వలేదు. బజారు జట్టు ఒక గోలుతో గెలిచింది. రద్దు చేసిన గోలు ఉండి ఉంటే సమానమయ్యేది. వ్యాపారి నా భుజం తట్టి, మంచి భవిష్యత్తు ఉందన్నారు. గొడుగు కింద పెద్ద డ్రిల్లయ్యవారు రాసుకుంటూనే ఉన్నారు.

పది రోజులకు నివేదిక స్కూలుకు వచ్చింది. హెడ్మాస్టరు చదివి నా చేతికిచ్చారు. "దుస్తులు: బాగు. పరుగు: బాగు. విజిల్: మిక్కిలి బాగు. నిర్ణయమున నిలకడ: లేదు. సక్రమముగా ఊది, సక్రమముగా గోలు నిచ్చి, పెద్దల యెదుట భయపడి దానిని వెనుకకు తీసుకొనెను. ఇప్పటికి యోగ్యుడు కాడు."

"ఇంకో ఏడాది ఇట్లనే నడుపుదాంలేప్పా, సూద్దాం" అన్నారు హెడ్మాస్టరు.

ఆ ఆదివారం చిత్తూరు బస్సులో నేను పూతలపట్టులో కూడా దిగలేదు. ఏమేం అనాలో వరస పెట్టుకుంటూ కూర్చున్నాను. పెద్ద డ్రిల్లయ్యవారు ఇంటి ముందర అరుగు మీద ఉన్నారు. కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఇది ఎవరు రాసినారు సార్?"

"నేనే."

"ఎనక్కి తీసుకోమని చెప్పింది ఎవరు?"

"నేనే. నీకు నేర్పినోడిగా సెప్పినా. ఇది పరిశీలకుడిగా రాసినా. దీంట్లో ఒక్క మాట అబద్ధమా, సెప్పు."

నివేదిక మళ్ళీ చదివాను. అబద్ధం కోసం వెతుక్కుంటూ చదివాను. ఒక్కటీ దొరకలేదు. అది నా కోపాన్ని ఇంకా పెంచింది.

"భయపడింది నేనొక్కణ్ణేనా సార్?" అన్నాను.

ఆయన పక్కనున్న రూల్సు పుస్తకం అట్ట మీద వేలితో రాస్తూ కూర్చున్నారు.

"లేదప్పా. ఆ పొద్దు నాకూ బయమేసింది. కమిటీలో నన్ను తీసేస్తారేమో అనుకున్నా. నువ్వు ఎనక్కి తీసుకుంటే సాలు, గండం గడిసినట్టే అనుకున్నా." కాగితం మడిచి నాకు తిరిగి ఇచ్చారు. "నీకు నేనుండా, సూసి రాసేదానికి. నన్ను సూసి రాసేదానికి ఎవురుండారప్పా?"

కాగితం జేబులో పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం పాఠానికి రావచ్చా అని మాత్రం అడిగాను.