మెట్ల కాడ తెగిన వైరు

మా అవ్వకు సెల్‌ఫోన్ పడదు. చెవులు సరిగ్గ వినవడవు. పైగా కరీంనగర్‌ల మేముండే అపార్ట్‌మెంట్ కింది అంతస్తుల సిగ్నల్ నిలవడదు. అందుకే ఇంట్ల వైరు ఫోన్ ఉంచినం. పొద్దుగాల ఖానాపూర్‌ల ఉన్న తన అక్క, మా పెద్దవ్వతోని మాట్లాడితేనే అవ్వకు చాయ్ గొంతుల దిగుతది.

బిల్డింగ్ మొత్తానికి టీవీకైనా ఫోన్‌కైనా ఒక్క కేబులాయన లైనే ఉండేది. ఫోన్ చెడిపోతే "రేపొస్తం అన్నా" అనుడే తప్ప ఎవరూ వచ్చేటోళ్లు కాదు. విసిగి ఇంకో కంపెనీకి చెప్పిన. వాళ్ల లైన్‌మ్యాన్ మెట్ల పక్క డబ్బాలకెళ్లి వైరు గుంజుతుంటే మా అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు దిగొచ్చిండు.

"ఎవల్నడిగి గుంజుతుండ్లు?"

"మా ఇంటికి నేనే పెట్టిచ్చుకుంటున్న సార్."

ఆయన డబ్బా దిక్కు చూసుకుంట పైకి పోయిండు.

కొద్దిరోజులకే ఫోన్ మూగబోయింది. మెట్ల కాడ వైరు తెగి ఉన్నది. "ఎలుకలు కొరికుంటయ్," అన్నడు అధ్యక్షుడు. లైన్‌మ్యాన్ వైరు కొస నా చేతిల పెట్టిండు. కత్తెరతోని కోసినట్టు నున్నగున్నది. మెట్లకున్న కెమెరాల ఏం పడ్డదో చూపియ్యమని అడిగితే, "గా కెమెరా ఖరాబైంది," అన్నడు.

అతికిచ్చిన వైరు మల్ల తెగింది. రెండోసారి అతికిచ్చినంక అధ్యక్షుడే డబ్బాకు తాళమేసి, తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నడు. ఇగ నాకు అందరి మీద అనుమానమే. వాచ్‌మన్ నవ్వితే అనుమానం, పైనింటాయన పలకరిస్తే అనుమానం. ఆఖరికి పని దొరుకుతదని లైన్‌మ్యానే కోస్తుండా అనుకున్న.

అవ్వ నా లెక్క ఆలోచించుకుంట కూసోలే. మధ్యాహ్నాలు మెట్ల కాడ కుర్చీ ఏసుకొని చిక్కుడుకాయలు తుంచవట్టింది. ఓనాడు ఆమె గొంతు ఇల్లంత వినవడ్డది.

"ఎవలు నాయినా? మా వైరు పట్టుకున్నవేంది?"

ఉరికిన. పాత కేబులాయన మనిషి, చేతిల కత్తెర. డబ్బాకు తాళంచెవి వేలాడుతున్నది. ఆ తాళంచెవి అధ్యక్షుని దగ్గర తప్ప ఎవరి దగ్గర ఉండదు.

"నన్నేం జేయకు అన్నా. సార్‌కు ఎరుకే," అన్నడు.

అతన్ని ఎంట తీస్కొని అధ్యక్షుని ఇంటికి పోయిన. ఆయన బుకాయించలే.

"కేబులాయన బిల్డింగ్‌కు పైస తీస్కోకుండ ఉత్తగ కెమెరాలు పెట్టిచ్చిండు. వేరే కంపెనీని రానియ్యద్దన్నడు. నా కోసం చేసిన్నా? అందరి కోసమే గదా!"

"అందరిల మా అవ్వ లేదా సార్? ఆమెను ఎవలడిగిండ్లు? ఏ లైన్ తీస్కోవాలన్నది మా ఇష్టం. వినియోగదారుల కమిషన్‌కు పోత."

ఆ ఆదివారం సంఘం కూసున్నది. అంతా ఆయన దిక్కే మాట్లాడుతరనుకున్న. అందరికన్న ముందు లేచింది నేను అనుమానపడ్డ పైనింటాయనే.

"నాకు గూడ వేరే లైన్ కావాలె. అడిగితే ఏమంటరోనని ఊకున్న," అన్నడు.

తర్వాత ఇంకో ఇద్దరు లేచిండ్లు. ఏ కంపెనీ వచ్చినా ఆపద్దని తీర్మానమైంది. డబ్బా తాళంచెవి వాచ్‌మన్ గదిల, అందరికీ కనవడేటట్టు తగిలేసిండ్లు.

మా ఫోన్ ఇప్పుడు బాగనే మోగుతున్నది. పాత కేబులాయన తీరే మారిపోయింది. ఎవలింట్ల లైన్ చెడినా గంటల మనిషిని పంపుతుండు. మొన్న బజార్ల కలిసి నా భుజం మీద చెయ్యేసిండు.

"అన్నా, మల్ల మా దాంట్లకు రారాదు? అవ్వకు కొత్త ఫోన్ గూడ నేనే ఇస్త."

"అవ్వనడిగి చెప్త," అన్న.

ఇంటికొచ్చి చెప్తే అవ్వ ఫోన్ మీద చెయ్యి పెట్టి, "ఉత్తగ ఇస్తనన్నడా? అయితే అస్సలే వద్దు," అన్నది.