నలభై పోట్ల బొవాడు

బొవాడు గారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. రోట్లో నలభై పోట్లు వెయ్యనివాళ్ళకి ఆయనింట్లో ఫూఫూ ముద్ద దక్కదు. చుట్టమైనా, సంఘం పెద్దయినా, ఆఖరికి క్రిస్మస్ ప్రార్థన చెయ్యడానికి వచ్చిన పాస్టరయినా సరే, ముందు రోకలి పట్టాలి.

మామూలు రోజుల్లో అయితే ఏదోలే అని సరిపెట్టుకోవచ్చు. క్రిస్మస్ వచ్చిందంటే బెక్వాయ్‌లోని ఆ ఇంటికి చుట్టాలు ముప్పై మంది దిగుతారు. పొయ్యి మీద మేక పులుసు ఘుమఘుమలాడుతుంటుంది. ఫూఫూకి దంచడానికి ఉడికించిన కర్రపెండలం, అరటికాయలు రోటి పక్కన పొగలు కక్కుతుంటాయి. ఈయన మాత్రం నోట్లో ఈల పెట్టుకుని అడ్డంగా నిలబడతాడు. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ముప్పయ్యేళ్ళు ఊదిన ఈల అది. రెండేళ్ళ కిందట ఉద్యోగం వదిలింది గానీ ఈల వదల్లేదు. ఈ నలభై పోట్ల చట్టం కూడా అప్పుడే పుట్టింది.

"పండగ పది రోజులూ కుర్చీల్లో కూలబడి మేస్తే జనవరికి ఒక్క బట్టా పట్టదు. కానివ్వండి, పాస్టరుగారూ."

పాస్టరు అంగీ చేతులు పైకి మడిచాడు.

"ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, ముప్పై తొమ్మిది..."

"ముప్పై తొమ్మిది అయిపోయిందండీ."

"అది పోటు కాదు, బుజ్జగింపు. ముప్పై తొమ్మిది."

ఆయన లెక్క ఎవరికైనా సరే అక్కడే ఇరుక్కుంటుంది.

కొత్త కోడలు అబ్రాఫీకి ఆ ఇంట్లో అదే మొదటి క్రిస్మస్. రెండ్రోజులకే అరచేతులు బొబ్బలెక్కాయి. అందుకే బొవాడు చెల్లెలు కొనాడు అక్రా నుంచి నాలుగు ఫూఫూ పొడి పొట్లాలతో దిగగానే ఆ పిల్లకి ప్రాణం లేచొచ్చింది.

"వేడినీళ్ళలో కలిపితే ఐదు నిమిషాల పని, అన్నయ్యా. ఈ రోలు ఓ మూల పడేద్దాం."

ఆయన పొట్లం వాసన చూశాడు. సుద్దముక్కతో దాని మీద 'తినుటకు పనికిరాదు' అని రాసి తిరిగిచ్చేశాడు.

"నీకు మతి పోయింది."

"పోతే పోయింది, పొట్ట రాలేదుగా."

కొనాడుకి ఒళ్ళు మండింది. "పండగ మధ్యాహ్నం అందర్నీ అడుగుదాం. రోలా, పొడా? ఎక్కువమంది ఏదంటే ఇకమీదట అదే." అబ్రాఫీ మనసులో అప్పుడే పొడికి చెయ్యెత్తేసింది.

పండగనాడు తెల్లారగానే నీళ్ళకని పెరట్లోకి వెళ్ళిన అబ్రాఫీకి అత్తగారు డుఫీ రోకలి ఎత్తబోతూ కనిపించింది. ఒకప్పుడు ముప్పై మందికీ ఒక్కతే దంచిన మనిషి. ఇప్పుడు రోకలి భుజం దాకా కూడా లేవలేదు, జారి కింద పడింది. బొవాడు వచ్చి, నొప్పి తగ్గడానికి ఆమె భుజానికి షియా వెన్న రాశాడు.

"ఈ ఏడూ లేవలేదయ్యా," అంది డుఫీ. "పొడి నెగ్గితే రోటి పక్కన నా పీట కూడా తీసేస్తారు. ఇంక నాకేం పని ఈ ఇంట్లో?"

"రోకలిదేముంది, పాస్టరు కూడా ఎత్తుతున్నాడు. పోటుకీ పోటుకీ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పడం ఇంకెవరికొచ్చు? నువ్వు కూర్చుని తిప్పు. ఎందుకు దంచట్లేదని నిన్నెవరూ అడక్కూడదనేగా రెండేళ్ళుగా పిచ్చోణ్ణనిపించుకుంటున్నాను."

"అనిపించుకోవడమేంటి?" అంది డుఫీ నవ్వుతూ.

అబ్రాఫీ ఖాళీ బకెట్‌తోనే వెనక్కి వచ్చేసింది. మామగారి మీద కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

మధ్యాహ్నం కొనాడు పొట్లాలు పట్టుకుని ముంగిట్లో నిలబడింది. "పొడి కావాల్సినవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేవబోతుండగా అబ్రాఫీ వెళ్ళి రోకలి అందుకుంది. "అత్తయ్యా, మీరు తిప్పండి. మీ చేతి ముద్ద తిన్న నోటికి ఆ పొడేం దిగుతుంది?"

బొబ్బల చేతులతో ఆ పిల్లే దంచుతుంటే పొడి అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. డుఫీ పీట మీద హాయిగా సర్దుకుని కూర్చుంది.

"ముప్పై ఆరు, ముప్పై ఏడు, నలభై," అని బొవాడు ఈల ఊదేశాడు.

"అన్నయ్యా, రెండు మింగేశావ్," అంది కొనాడు.

"ఉద్యోగం మానేశాక లెక్క తప్పుతోందమ్మా," అన్నాడాయన, కోడలి అరచేతుల వైపు చూస్తూ. "ఇక నువ్వు రా."

కొనాడు పొట్లాలు పక్కన పడేసి నడుం బిగించింది. ఆవిడ లెక్క ముప్పై తొమ్మిది దగ్గర పదకొండుసార్లు ఆగింది.