అద్దం పరీక్ష

ఆ రోజుల్లో లోకంలో ఎవరికీ తెలియని సంగతులు నాకొక్కడికే తెలుసని నా గట్టి నమ్మకం. గద్వాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. మనిషికి ‘నేను’ అనే ఎరుక మొదట ఎలా పుట్టిందన్నది సిలబస్‌లో లేదు, అయినా చెప్పేవాణ్ణి. (పిల్లలు పాపం వినేవారు, బయట ఎండ.) ఎక్కడ పడితే అక్కడ ఇలా చెప్పే అలవాటు వల్లే అప్పటికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది వనపర్తిలో. ఫొటోలో అమ్మాయి నాకు తెగ నచ్చింది, అందుకే ఈసారి నిజంగా భయపడ్డాను.

పెద్దదిక్కుగా మా అవ్వ వచ్చింది. బస్సు దిగగానే కొంగుతో నా ముఖం తుడిచి, చెంప నిమిరి, "వాళ్లింట్ల జర నోరు మూస్కొని కూసో బిడ్డా. కోతుల ముచ్చట తియ్యకు," అంది. సరేనన్నాను.

అమ్మాయి చాయ్ ఇచ్చి గడప దగ్గర నిలబడేదాకా మాట మీదే ఉన్నాను. అప్పుడు వాళ్ల నాన్న, "కాలేజీల ఏం జెప్తరు సార్?" అన్నాడు. అడిగాక చెప్పకపోతే మర్యాద కాదు. పూర్వం మనుషులు గుంపుల్లో బతికేటప్పుడు, ఎదుటివాడు తనను ఎలా చూస్తున్నాడో ఊహించబోయి, ‘నేనొకణ్ణి ఉన్నాను’ అని కనిపెట్టి ఉంటారని కొందరంటారని చెప్పాను. అంతటితో ఆగాల్సింది.

"ఏ జీవికి ఆ ఎరుక ఉందో తెలుసుకునుడు అల్కనే, కష్టమేం గాదు. దానికి తెల్వకుంట మొఖం మీద ఒక చుక్క పెట్టి అద్దం చూపియ్యాలె. చుక్క తుడుసుకుంటే ఎరుక ఉన్నట్టు. చింపాంజీలు తుడుసుకుంటయి. కొన్నిటికి ఎన్నిసార్లు చూపినా తెల్వదు."

ఇంటిల్లిపాదీ నా ముఖం వైపే చూస్తున్నారు. ఇంత శ్రద్ధ నా క్లాసులో ఎన్నడూ ఎరగను. హుషారొచ్చి ఏనుగుల దాకా వెళ్లాను. అవ్వ మాత్రం నేల చూపులు చూస్తోంది.

అమ్మాయి లోపలికి పోయి చేతి అద్దం తెచ్చి నా ముందు పెట్టింది. "జర గిండ్ల చూసుకోండ్రి సార్."

చూసుకున్నాను. ఎడమ చెంప మీద రూపాయి బిళ్లంత కాటుక చుక్క.

"దిష్టి తగుల్తదని నేనే పెట్టిన. గిప్పుడేమైంది?" అంది అవ్వ.

చుక్క తుడుచుకున్నాను. ఈ సంబంధమూ పోయిందనుకుని లేవబోతుంటే, ఆ అమ్మాయి వాళ్ల నాన్న వైపు తిరిగి, "తుడుసుకున్నరు నాయినా. ఎరుక ఉన్నట్టే," అంది.

ఇప్పుడు అవ్వ లేదు. ఏ పెళ్లికి బయల్దేరినా అద్దం ముందు ఒకసారి ఎడమ చెంప చూసుకుంటాను. చుక్క ఉండదు. ఆ వాగుడుకాయ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, అవ్వను తలుచుకుంటే దిగులేస్తుంది. ఇంతలో "అయిందా పరీక్ష?" అని మా ఆవిడ కాటుక డబ్బీ పట్టుకుని వస్తుంది.