గట్టు మీద తాతగారు

డ్రాయింగ్ మాస్టారిగా రిటైరయ్యాక, వట్లూరులో మా ఇంటి వరండాలో కూర్చుని టేకు చెక్కల మీద బొమ్మలు చెక్కుకోవడం నా కాలక్షేపం. చెక్కిన చెక్కకి సిరా రాసి కాగితం మీద అద్దితే బొమ్మ దిగుతుంది. చేతిలో ఫోనుంటే నిమిషానికి పది ఫొటోలు తీయగలిగే రోజుల్లో ఒక్క బొమ్మకి పదిహేను రోజులు పట్టించే మనిషినని నాకు మంచి పేరే ఉంది.

ఆ పేరు విని, కొల్లేటి ఒడ్డు ఊరి నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు వచ్చారు. తమ ఊరి చరిత్ర రాశారట. ఫొటోలు వేస్తే చరిత్ర మరీ కొత్తగా ఉంటుందనీ, చెక్క బొమ్మలైతే జనం నమ్ముతారనీ ఆయన అభిప్రాయం.

"ముఖ్యమైన బొమ్మ ఒకటేనండీ. పెద్ద వరదొచ్చినప్పుడు మా తాతగారు గట్టు మీద నిలబడి ఊరిని కాపాడారు. అది చెక్కాలి."

"తాతగారి ఫొటో ఉందాండీ?"

"లేదండీ. అచ్చం నా పోలికేనంటారు," అంటూ నాకు వీలుగా పక్కకి తిరిగి కూర్చున్నారు.

ఆ ముఖానికి మీసాలు పెట్టి చెక్కేశాను. కాగితం మీద బొమ్మ తిరగబడుతుంది కాబట్టి చెక్క మీద అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. ఆయన చెక్క చూసి, తాతగారి కర్ర ఎడం చేతికి వచ్చిందని నొచ్చుకున్నారు. కాగితం మీద అద్ది చూపించాక గాని చరిత్ర కుదుటపడలేదు.

వారం తిరక్కుండా ఆ ఊరి మాజీ సర్పంచిగారు వచ్చారు.

"ఏవండీ, గట్టు మీద నిలబడింది మా తాతగారండీ. పక్కన చోటుంది కదా, ఆయన్నీ కాస్త చెక్కండి."

ఆ చోటు ఆకాశం. అక్కడ చెక్కి తీసేసిన చెక్కని మళ్లీ అతికించలేనని చెప్పాను.

"పోనీ, ఉన్నాయన్ని తీసేయడం కుదురుతుందాండీ?" అన్నారు ఎంతో మర్యాదగా.

ఎటూ తేలక, బస్సెక్కి ఆ ఊరే వెళ్లాను. ఆ పని ముందే చేసి ఉండాల్సింది. మొహం చూసి ముక్కు చెక్కిన నాకు, గట్టు చూడాలని తోచలేదు. చేపల చెరువు పక్కన వల బాగుచేసుకుంటున్న ఒక ముసలావిడకి వరద గుర్తుంది.

"గట్టు మీద ఎవరున్నారమ్మా?"

"మా అమ్మ, మా పేటలో ఆడోళ్లు అందరూనండి. గడ్డిమోపులు, తట్టల్తో మట్టి తెచ్చి గండి పడకుండా పూడ్చారు."

"మరి హెడ్మాస్టరుగారి తాతగారు, సర్పంచిగారి తాతగారో?"

"ఇద్దరూ డాబా మీదున్నారండి. పైనుంచి కేకలేశారు. పాపం, గొంతులు పోయాయి."

ఇంటికొచ్చి తట్టలు మోస్తున్న ఆడవాళ్లని చెక్కాను. హెడ్మాస్టరుగారు చాలాసేపు చూశారు.

"బాగుందండీ. మా తాతగారెక్కడ?"

"డాబా మీదండీ. బొమ్మలో డాబా పట్టలేదు."

విషయం పక్కదారి పడుతుందని ఆ బొమ్మ వద్దన్నారు. చివరికి ఇద్దరూ రాజీపడి, సర్పంచిగారి తాతకి నా చేతే ఇంకో చెక్క చెక్కించారు. కాదనలేని మొహమాటం నాది. పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఇద్దరు తాతగార్లూ, వాళ్ల మధ్య పేజీల కుట్టులో నలిగిపోయిన కొల్లేరు. ఏలూరులో ఆవిష్కరణ సభలో మనవలిద్దరూ ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

ఆడవాళ్ల బొమ్మ ఒకటి అద్ది ముసలావిడకి పట్టుకెళ్లాను. కళ్లకి దగ్గరగా పెట్టుకుని, ఒక్కొక్కరినీ వేలితో తాకింది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

"ఇంకోటి ఇస్తారాండి? అత్తిలిలో మా చెల్లెలుంది," అంది చివరికి.

మర్నాడే మళ్లీ సిరా కలిపాను.