ఎడమచేతి వేటు

వీధిలో అందరూ ఆమెను జేబులక్క అనేవారు. యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆమె పని ప్యాంట్లకు జేబులు వెయ్యడం ఒక్కటే. "ఊరందరికీ జేబులు నీ చలవే అక్కా, వాటిలో పెట్టుకోవడానికి కూడా నువ్వే ఏదో ఒకటి చూపించాలి" అని తోటివాళ్ళు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. భర్త లారీ డ్రైవరు. నెలకోసారి ఇంటి మొహం చూస్తే గొప్ప. ఇంట్లో ఉండేది ఆమె, మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేని అత్తగారు, అంతే.

వాళ్ళది వీధిలో చివరి ఇల్లు. వెనక ఎవరిదో ఖాళీ స్థలం. ఏళ్ళ తరబడి పట్టించుకునే నాథుడు లేక ముళ్ళకంపలూ తీగలూ అల్లుకుపోయి, మనిషి ఎత్తు దాటి, నడుమెత్తు పెరటి గోడ మీదికి ఒరిగాయి. ఈమధ్య అందులోంచి చప్పుడు వస్తోంది. మిట్టమధ్యాహ్నం, వీధంతా కునుకు తీసే వేళ, టక్, టక్ అని రెండు దెబ్బలు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. సెలవు రోజు ఇంట్లో ఉన్నప్పుడు జేబులక్క చెవిన పడింది.

"పందికొక్కులే" అంది అత్తగారు, ఎవరూ అడక్కుండానే.

పందికొక్కులు అలా లెక్క పెట్టినట్టు కొడతాయా? జేబులక్కకు అది మింగుడుపడలేదు. శనివారం వస్తున్నానని భర్త ఫోను చేశాడు. ఆలోపు ఆ పొదలన్నీ కొట్టేయాలని సెలవు పెట్టి కమ్మరి దగ్గరికి వెళ్ళింది.

కొలిమి పక్కన గోడ నిండా ఇనుము వేలాడుతోంది. ఆమె కన్ను పొడవుగా, పల్చగా, తళతళలాడే కత్తి మీద పడింది.

"అది గడ్డికీ, లేత కాడలకీ అమ్మా" అన్నాడు కమ్మరి, కొలిమిలోంచి కళ్ళు తిప్పకుండా. "నువ్వు నరకాల్సినవి ఎంత లావు?"

"బొటనవేలంత నుంచి మణికట్టంత. ఎండినవి కూడా ఉన్నాయి."

"ఎండినదాని మీద దాన్ని వేస్తే ఎగిరి నీ మొహం మీదికే వస్తుంది."

"పోనీ గొడ్డలి?"

"గొడ్డలికి చెయ్యి చాచేంత జాగా కావాలి. పొద మధ్యలో ఎత్తావనుకో, వెనక తీగ పట్టుకుంటుంది. ఇక దిగేటప్పుడు ఎక్కడ దిగుతుందో నీ కాలినే అడగాలి."

ఆయన లేచి మూలనుంచి ఒక మచ్చుకత్తి తీశాడు. మూరెడు పొడవు, అరచేతంత వెడల్పు, కొన పక్షిముక్కులా లోపలికి వంగి ఉంది. "ఈ ముక్కుతో తీగ లాగు, ఈ పొట్టతో నరుకు. ఇంతే పని. కళ్ళు మూసుకుని పట్టుకో. కత్తి దానంతటది ముందుకు తూగాలి, నీ మణికట్టు మాత్రం వంగకూడదు."

మొదటిది చేతిని కిందికి లాగేసింది. ఆయన ఇంకొకటి ఇచ్చాడు, అది మరీ తేలిక, దెబ్బలో బలమంతా తనే పెట్టాలి. మూడోది పట్టుకోగానే చేతిలో కుదురుకుంది. పిడి కాస్త లావుగా ఉందంటే ఆయన ఆకురాయితో రాసి, ఆమె వేళ్ళు చుట్టూ తిరిగేదాకా సన్నం చేసి ఇచ్చాడు.

"ఇలాంటిదే మొన్న ఒకతను తీసుకెళ్ళాడు. నీలాగే పొదలకన్నాడు" అని ఆగాడు. "కానీ పట్టుకుని చూసేటప్పుడు వాడి కళ్ళు కత్తి మీద లేవు. ఎందుకో నాకు బాగనిపించలేదు."

ఆ మాట దారి పొడుగునా ఆమె వెంట వచ్చింది.

కత్తి చూడగానే అత్తగారి మొహం పాలిపోయింది. "ఇప్పుడెందుకే అదంతా? ఉండనీ."

"ఆయన వచ్చేలోపు శుభ్రం చేసేస్తాను అత్తయ్యా. పాములు చేరతాయి."

ముసలావిడ కంచంలో ముద్ద అలాగే ఉండిపోయింది.

కమ్మరి చెప్పినట్టే పని సాగింది. ముక్కుతో తీగను ముందుకు గుంజడం, మొదలు మీద ఒక్క వేటు వెయ్యడం. మర్నాడు మధ్యాహ్నానికి గోడ దగ్గర గది పట్టేంత చోటు ఖాళీ అయింది. ఆ తర్వాత ఒక దట్టమైన తీగను లాగేసరికి అది తలుపు తెర లాగా మొత్తం ఊడి వచ్చింది. దాని వెనక పొద లేదు. దారి ఉంది.

మనిషి వంగి నడిచేంత సన్నటి దారి, పొదల కడుపులోంచి వంకర్లు తిరుగుతూ అవతలి వీధి వైపు పోయింది. పక్కల కాడలన్నీ కొత్తగా నరికినవి. కొన్నింటికి ఇంకా పాలు కారుతున్నాయి. ఆమె వంగి లోపలికి నాలుగడుగులు వేసి, నరికినవాడు నిలబడ్డట్టే ఇంటి వైపు తిరిగి నిలబడింది. ఎదురుగా వంటింటి కిటికీ, అందులోంచి అత్తగారి మంచం తలవైపు తేటగా కనిపించాయి.

తను నరికిన మోడులు ఎడమవైపుకు ఏటవాలుగా ఉన్నాయి. ఇవన్నీ కుడివైపుకు వాలాయి. షెడ్డులో ఎడమచేతివాళ్ళు కత్తిరించిన గుడ్డ అంచు ఆమెకు కొత్త కాదు.

లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడింది. "అత్తయ్యా, వాడెవడో ఎడమచేతివాడు."

ముసలావిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆ ఇంట్లో ఎడమచేతివాడు ఒక్కడే. మరిది. అన్న లారీ మీదే క్లీనరుగా వెళ్ళేవాడు. అన్న నిద్రపోతుంటే బండి తీసి, సైకిలు మీద పోతున్న మనిషిని తొక్కేసి జైలుకు పోయాడు. జేబులక్కకు తెలిసిన కథ అది. విడుదలయ్యాడని విన్నది కానీ ఇంటికి రాలేదు.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి దెబ్బకే తెలిసిందే. చిన్నప్పుడు కట్టెలు కొట్టేది వాడేగా."

"మరి ఎందుకు దొంగచాటుగా వస్తున్నాడు?"

"పెద్దాడికి ఫోను చెయ్యి. ఈ శనివారం రావద్దని చెప్పు" అంది అత్తగారు.

ఆమె ఫోను చేసింది. భర్త ఎత్తలేదు. ఇక మిగిలిన పొదలు కూడా కొట్టేస్తే దాక్కోవడానికి చోటుండదు కదా అనుకుని, శుక్రవారం మళ్ళీ కత్తి పట్టింది.

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఎదురుగా ఆకులు కదిలాయి. వాటి మధ్యనుంచి ఒక ఇనపముక్కు బయటికి వచ్చింది. ఆలోచించే లోపే ఆమె చెయ్యి లేచి దిగిపోయింది. ఇనుము ఇనుమును కొట్టిన దెబ్బకు మోచేయి దాకా జివ్వుమంది.

"వదినా! ఆగు, నేనే!"

గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయి, మరిది. ఇద్దరూ కత్తులు దించలేదు.

"ఎవరి కోసం వచ్చావ్?"

"నీ కోసం కాదు, అమ్మ కోసం కాదు. వీధిలోంచి వస్తే నలుగురూ చూస్తారు. అన్న ముందే జాగ్రత్త పడతాడు."

"నువ్వు చేసిన తప్పుకు ఆయన మీద కక్షేంటి?"

అతను నవ్వాడు. "నేను చేసిందా? నేను వెనక టార్పాలిను మీద పడుకున్నా వదినా. లేపింది అన్నే. 'నా లైసెన్సు పోతే ఇల్లు గడవదు, నువ్వు ఒంటరివాడివి, ఒప్పేసుకో' అన్నాడు. ఇంటికొచ్చాక, నువ్వు షెడ్డుకు పోయిన వేళ, అమ్మ నా గడ్డం పట్టుకుని బతిమాలింది. అన్న మాత్రం అవతల చక్రం కడుక్కుంటున్నాడు. తర్వాత ఒక్కసారి, ఒక్కసారి కూడా నన్ను చూడటానికి రాలేదు."

ఇన్నేళ్ళూ వీధిలో "పాపం, తమ్ముడి వల్ల మీ ఆయనకి తలవంపులు" అంటే జేబులక్క తల ఊపుతూ వచ్చింది.

"ఆయన్ని ముందు నేను అడగాలి" అంది చివరికి. "రేపు ఒక్కరోజు నాకు వదిలెయ్."

అతను కత్తితోనే వెనక్కి తిరిగి పొదల్లో కలిసిపోయాడు.

శనివారం భర్త వచ్చి, స్నానం చేసి, తలుపు దగ్గర తల తుడుచుకుంటున్నప్పుడు ఆమె అడిగేసింది. "ఆరోజు బండి నడిపింది ఎవరు?"

తువ్వాలు ఆగిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?"

ఆమెకు జవాబు దొరికింది. మంచం మీదనుంచి అత్తగారు వెక్కుతున్న చప్పుడు వినబడింది.

భర్త పెరటి తలుపు తీసి చూశాడు. పొదలు లేని నేల మీద, ఎండలో, తమ్ముడు నిలబడి ఉన్నాడు. భర్త తలుపు వేసేశాడు. చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా ముందు వాకిలి నుంచి వెళ్ళిపోయాడు. కాసేపటికి వీధి చివర లారీ స్టార్టయింది.

జేబులక్క వెళ్ళి పెరటి తలుపు మళ్ళీ తీసింది. "లోపలికి రా" అంది. "మీ అమ్మ తిని రెండ్రోజులైంది."

ఆ తర్వాత భర్త ఆ ఇంటికి రాలేదు. ఎక్కడెక్కడో బండి తోలుతున్నాడని డ్రైవర్లు చెబుతుంటారు. మరిది ఊళ్ళోనే పనిలో కుదిరాడు. సాయంత్రాలు వీధి వాకిలినుంచే వచ్చి తల్లి పక్కన కూర్చుని తింటాడు. నెమ్మదస్తుడే. కానీ వీధి చివర లారీ చప్పుడు వినబడితే చాలు, తినడం ఆపి తల ఎత్తుతాడు. ఆ చప్పుడు దూరమయ్యాకే మళ్ళీ కంచంలో చెయ్యి పెడతాడు.